ముప్పైమూడు తప్ప

మా సారు ఆ వ్యాసాన్ని ఒక్క వేసవి సెలవుల్లో, ఏకబిగిన, ఒంటిచేత్తో రాశారని మొన్న సంస్మరణ సభలో మళ్ళీ ఒకాయన చెప్పారు. ఈ మాట నేను ఇదివరకు కూడా చాలా సభల్లో విన్నాను. సభ సభకూ ఆ వేసవి ఇంకొంచెం పొట్టిదవుతోంది. ఇంకో రెండు సభలయితే సారు దాన్ని ఒక మధ్యాహ్నం నిద్ర మానుకుని రాసేశారని చెప్పేట్టున్నారు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. లేచి, అది నిజం కాదని చెబుదామనుకునేలోపే దండలు వేయడం మొదలైంది. మన సభల్లో దండల దగ్గరికి వచ్చాక ఇక నిజానికి చోటుండదు. ఇక్కడైనా చెబుతాను. ఆ వ్యాసానికి రెండు వేసవులు పట్టాయి, ఆ రెంటి మధ్యా ఒక వానాకాలం పట్టింది, అది వాన లేని వానాకాలమే అనుకోండి. ఏకబిగిన కాదు గదా, ఒక్క పేరా కూడా పోట్లాట లేకుండా పూర్తికాలేదు. ఒంటిచేతి సంగతికొస్తే, సారు కుడిచేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, ఎడమచేతిలో వక్కపొడి డబ్బా ఉండేది. కాగితం మీద కలం పెట్టిన చెయ్యి ఎవరిదో మీరే అనుకోండి.

ఆ సభలోనే సంస్మరణ సంచిక కూడా విడుదల చేశారు. అందులో సారు వ్యాసాన్ని పేజీకి పేజీగా మళ్ళీ అచ్చు వేశారు. సంచిక చేతికి రాగానే నేను అందరిలాగా మొదటి పేజీలోని ఫోటో చూడలేదు, నేరుగా వ్యాసంలో నాలుగో పేజీకి పోయాను. నేను భయపడినట్టే ఆ వాక్యం అక్కడే ఉంది. ‘పద్ధెనిమిది దాటిన ప్రతి సంఖ్యనూ సరిగ్గా అయిదు వర్గాల మొత్తంగా రాయవచ్చు.’ ఇంగ్లీషులో ఉన్న వాక్యానికి ఇది నా తెలుగు. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా ఇక్కడ పేజీ తిప్పెయ్యకండి, ఇందులో హైస్కూలు దాటిన సంగతి లేదు. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు, వీటిని వర్గాలంటారు, సున్నాను ఇక్కడ లెక్కలోకి తీసుకోం. పంతొమ్మిదిని తొమ్మిది, రెండు నాలుగులు, రెండు ఒకట్లుగా చీల్చవచ్చు, అంటే సరిగ్గా అయిదు వర్గాలు. పద్ధెనిమిదిని ఎంత తిప్పలు పడినా అట్లా చీల్చలేం. పద్ధెనిమిది దాటితే ఇక అన్నీ చీలుతాయని ఆ వాక్యం అంటుంది. అది తప్పు. ముప్పైమూడు చీలదు. నేను ఇరవై ఏళ్ళ పైబడి అడుగుతున్నది అక్కడ రెండే రెండు మాటలు కలపమని. ‘ముప్పైమూడు తప్ప’ అని.

సారు అనంతపురంలో మా కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. ఏప్రిల్ ఎండలో కూడా కోటు విప్పేవారు కాదు, ఇంటికి పోయాక మాత్రం పంచె కట్టుకుని నేల మీద గొంతుక్కూర్చునేవారు. అప్పట్లో నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి వచ్చి అదే కాలేజీలో ట్యూటరుగా చేరాను. లెక్కల డిపార్టుమెంటులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. దాంతో స్టాఫ్‌రూములో నాతో మాట్లాడటానికి అందరికీ మొహమాటం, వాదించడానికి మాత్రం సారుకు ఏ మొహమాటమూ లేదు. అరవైల మొదట్లో మాట ఇది. మా కాలేజీలో ఎమ్మెస్సీ పెడతారని అనుకుంటున్న రోజులు. పెడితే దానికి పెద్దగా సారే ఉండాలని మా అందరి ఆశ. ఆయనకున్నదల్లా ఒకటే లోటు, పేరు మీద ఒక్క వ్యాసం కూడా అచ్చు కాలేదు. కొత్త సిద్ధాంతం కనిపెట్టేంత తీరిక, పుస్తకాలు, తోడు, ఏవీ ఈ ఊళ్ళో లేవు. అందుకని ఆయన సర్వే పేపరు రాద్దామనుకున్నారు. అంటే కొత్తగా ఏదీ నిరూపించకుండా, ఒక విషయంలో ఇంతవరకు ఎవరెవరు ఏమేం చేశారో, అది ఎక్కడ ఆగి ఉందో, కొత్తవాడికి దారి తెలిసేట్టు చెప్పే వ్యాసం. వినడానికి ఇది సులువుగా ఉంటుంది. మామూలు పరిశోధన వ్యాసంలో నీకు తెలిసింది చెప్తే చాలు. ఇందులో నీకు ఏది తెలియదో కూడా తెలిసి ఉండాలి. తర్వాత నేనూ ఒకటి రెండు రాశాను గనక చెబుతున్నాను, నాకు అంత చాకిరీ ఇంకే రాతలోనూ పడలేదు.

సారు పని చేసే పద్ధతి వేరు. ఆయన ఇంటి హాలంతా తాడిపత్రి బండలు, నల్లటి నున్నటి నాపరాళ్ళు పరిచారు. ఆయనకు అదే బోర్డు. గోడ దగ్గర మొదలుపెట్టి, గొంతుక్కూర్చునే వెనక్కు జరుగుతూ, ఒక్కో బండ మీద ఒక్కో సంగతి రాసుకుంటూ వంటింటి గడప దాకా పోయేవారు. నేను గోడకానుకుని కూర్చుని అందులో నిలిచినదాన్ని కాగితానికి ఎక్కించేదాన్ని. ఊళ్ళో నీళ్ళకు కటకట. కొళాయి వచ్చినరోజే సారు భార్య ఇల్లు తుడిచేది. కొళాయి రాని వారం మా లెక్కలకు ఆయుష్షు గట్టిది. ఊరంతా నీళ్ళు రాలేదని మునిసిపాలిటీని తిడుతుంటే సారు మాత్రం, పోనీలే, మూడో బండ ఇంకా తేలలేదు గదా అనుకునేవారు.

సారు భార్యను మేమంతా అమ్మా అనేవాళ్ళం. ఆమెను ఊరికే కూర్చుని ఉండగా నేను చూడలేదు. చేటలో వేరుశెనక్కాయలు వేసుకుని వలుస్తూ ఉండేది. సారుకు ఒక నియమం ఉండేది. ఏ భాగమూ నోటితో తెలుగులో చెప్పి, విన్నవాళ్ళు ‘ఊ’ కొట్టందే రాయకూడదు. వినేవాళ్ళు లెక్కలు చదివినవాళ్ళయితే మొహమాటానికి ‘ఊ’ కొడతారని ఆయన అనుమానం. అందుకని ఆమెకు చెప్పేవారు. ఆమె మొహమాటపడే మనిషి కాదు.

మొదటి భాగాన్ని సారు గ్రీకుల కాలం నుంచి ఎత్తుకున్నారు. పెద్ద పెద్ద పేర్లు, ఏ శతాబ్దంలో ఎవరు, ఎవరి తర్వాత ఎవరు, అంతా చెప్పి, ఏ సంఖ్యనైనా నాలుగు వర్గాలకు మించకుండా రాయవచ్చుననే దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేట కింద పెట్టేసింది.

“ఎవురికి చెప్తాండారు మీరు?”

“నీకే.”

“నాకు చెప్పేదైతే ముందు ఆ ఏడు సంగతి చెప్పండి. నిన్న ఈ పిల్లతో అంటాండిరి గదా, ఏడు మూడిటితో కుదరనంటాది, నాలుగు కావాల్నని మొండికేస్తాదని. అది ఎందుకు మొండికేసిందో చెప్తే నేను ఇంటాను. చచ్చిపోయినోళ్ళ పేర్లు చెప్తే ఏమొస్తాది, తద్దినం పెట్టల్నా?”

సారు నా వైపు చూశారు. నేను కాగితం మీద రాసుకున్న చిత్తు కొట్టేసి, ఏడుతో మొదలుపెట్టాను. ఏడును నాలుగు, ఒకటి, ఒకటి, ఒకటిగా రాయాలి, మూడు వర్గాలతో కుదరదు, పదిహేను కూడా అంతే, మరి ఇట్లా మొండికేసేవి ఇంకా ఎన్ని? ఆ వ్యాసాన్ని ఈరోజుకీ ఎవరైనా మెచ్చుకుంటే ఆ మొదటి పేజీనే మెచ్చుకుంటారు. చదివేవాడికి ముందు ప్రశ్న పుట్టించి, తర్వాత పేర్లు చెప్పాలని సారుకు మహా ప్రతిభ వల్ల తోచిందని సభలో అన్నారు. అది చేట కింద పెట్టడం వల్ల తోచింది.

ఆ తర్వాతి పోట్లాట పేర్ల మీదే. మద్రాసులో ఫలానా ప్రొఫెసరు ఫలానా పని చేశారు, అది మన విషయానికి దూరమైనా ఆయన పేరు వెయ్యాలని సారు పట్టు. ఆయన శిష్యుడి పేరూ వెయ్యాలి. శిష్యుడి పేరు వేస్తే వాల్తేరులో ఉన్న ఇంకొకాయన నొచ్చుకుంటాడు, ఆయనకూ ఒక వాక్యం కావాలి. “సార్, ఇది పేపరా, పెండ్లి పత్రికా?” అన్నాను. పెళ్ళి పత్రికలో అయితే పెదనాన్న పేరు విడిచిపెడితే పెదనాన్న రాడు, అంతే. ఇక్కడ అక్కర్లేని పేరు ఒకటి వేస్తే చదివేవాడు ఆ వైపు పోయి తిరిగి రాడు. సారుకు కోపం వచ్చింది. “రేపు నా పేపరు చూసేది వాళ్ళేనమ్మా, నువ్వు కాదు” అన్నారు. చూసేది వాళ్ళు కావచ్చు, చదివేది మాత్రం నాలాగా ఒక చిన్న ఊరిలో, లైబ్రరీలో నాలుగు బీరువాలు తప్ప లేని కాలేజీలో కూర్చున్న మనిషి గదా అని నా వాదం. అట్లాంటి మనిషికి ఈ వ్యాసం ఒక్కటే దిక్కు, ఇది చెప్పిందే వేదం. అందులో మాట తప్పితే సరిచూసుకోవడానికి ఇంకో పుస్తకం దొరకదు. సగం పేర్లు తీసేశాం, సగం ఉండిపోయాయి. ‘స్పష్టమే’ అనే మాట మీద ఇంకో నెల గొడవ జరిగింది. సారు ఎక్కడ నిరూపణ మర్చిపోతే అక్కడ ‘ఇది స్పష్టమే’ అని పెట్టేవారు. ఎవరికి స్పష్టం అని నేను అడిగేదాన్ని. చివరికి ఆ మాట వ్యాసంలో ఎక్కడా లేకుండా చేశాను. నా బతుకులో నేను గెలిచిన పోట్లాటలు కొన్నే, అందులో ఇది ఒకటి.

అయిదు వర్గాల సంగతి వచ్చింది రెండో వేసవిలో. సున్నా సాయం లేకుండా సరిగ్గా అయిదు వర్గాలతో ఏ సంఖ్యలను రాయవచ్చు అనేది చిన్న ప్రశ్నే, కానీ ముచ్చటైన ప్రశ్న. దాని జవాబు ఒక జర్మన్ పత్రికలో ఉందని తెలుసు. ఆ పత్రిక అనంతపురంలో లేదు. బెంగుళూరు నుంచి ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా పదిహేను రోజుల గడువుతో ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఆ జర్మన్ వ్యాసం సారాంశం ఒక్క వాక్యంలో ఉంది, పద్ధెనిమిది దాటిన ప్రతి సంఖ్యా అని. సారు దాన్నే బండ మీదికి ఎక్కించి, కింద జర్మన్ వ్యాసం పేరూ పేజీ నంబరూ వెయ్యమన్నారు.

“మనం దాన్ని చూడలేదు గదా సార్” అన్నాను.

“చూసినోళ్ళు రాసిన పుస్తకం చూసినాం గదా.”

“అయితే ఆ మాటే రాద్దాం. మూలం మాకు దొరకలేదు, ఫలానా పుస్తకం నుంచి తీసుకుంటున్నామని. సార్, మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు అమ్ముతాడు. వేరేవాళ్ళ మగ్గం మీంచి వచ్చిన చీరను మడత విప్పకుండా చేతులు మార్చేటప్పుడు, ‘నేను విప్పలేదప్పా, నువ్వు చూస్కో’ అని చెప్పి ఇస్తాడు. చెప్పకుండా ఇచ్చినాక లోపల పోగు తెగి ఉంటే, అది ఆయన తెంపినట్టే లెక్క. మనమూ ఈ మడత విప్పలేదు.”

“చీరకూ సిద్ధాంతానికీ పోలికా?”

“మడత మడతే గదా సార్.”

సారు వక్కపొడి డబ్బా మూత తీసి, వేసుకోకుండానే మళ్ళీ మూత పెట్టారు. “చూడమ్మా. యాడికి పోయినా అనంతపురం అంటానే, అయ్యో, మీకు నీళ్ళు లేవంట గదా అని జాలిగా చూస్తారు. ఇప్పుడు పుస్తకాలు గూడా లేవని మనమే అచ్చేసి పంచిపెట్టల్నా?”

“లేనిది లేదనేదానికి సిగ్గేంది?” అంది అమ్మ చేటలోంచి తలెత్తకుండా. “నేను పక్కింటామెను బిందె నీళ్ళు అడగడంలా? ఆమె పోస్తాంది, నేను తెచ్చుకుంటాండా. నా పరువు యాడికీ పోలా.”

ఆఖరుకు సారు ఒప్పుకున్నారు. పేజీ కింద చిన్నచ్చులో రెండు లైన్లు వేద్దామన్నారు. ఆ రెండు లైన్లూ నేనే రాసి చదివి వినిపించాను. ఆయన ‘ఊ’ కొట్టారు. ఆ తర్వాత నేను ఇంకొకటి అడిగాను. మూలం చూడలేదు గనక మనమే కొంత దూరం వేసి చూద్దామన్నాను. పంతొమ్మిదితో మొదలుపెట్టాం. ఒక్కో బండకు ఒక్కో సంఖ్య. ఇరవై, ఇరవై ఒకటి, అన్నీ బుద్ధిగా అయిదేసి ముక్కలయ్యాయి. ముప్పై దాకా వచ్చేసరికి వంటింటి గడప వచ్చింది, వీధిలో కొళాయి వచ్చిందన్న కేక కూడా వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నీళ్ళు. అమ్మ చీపురూ బకెట్టూ పట్టుకుని నిలబడింది. ఆరిపోయాక మళ్ళీ మొదలుపెడదాం సార్ అన్నాను. “ముప్పై దాకా నిలిచింది గదా, ఇంక మిగిలింది పుస్తకం చూసుకుంటాదిలే” అన్నారు సారు, పంచె పైకి పట్టుకుని తడి తగలకుండా వరండాలోకి పోతూ.

వ్యాసాన్ని టైపు చేసింది కాలేజీ ఆఫీసులోని సాయిబు. ఊళ్ళో లెక్కల గుర్తులు టైపు చేయడం వచ్చినవాడు ఆయనొక్కడే. మిషనులో లేని గుర్తులను సన్నటి పాళీతో తానే దిద్దేవాడు, అచ్చుకు తీసిపోకుండా ఉండేది. నేను భాయ్ అనేదాన్ని. మద్రాసు పత్రికకు వ్యాసం పోయింది, కొన్ని నెలలకు ఒప్పుకున్నారని కబురు వచ్చింది, కాలేజీలో అందరికీ కారాబూందీ, టీ. అచ్చయి వచ్చిన ప్రతిలో నాలుగో పేజీ చూసి నేను నేరుగా ఆఫీసుకు పోయాను. జర్మన్ వ్యాసం పేరూ పేజీ నంబరూ ఉన్నాయి, మా రెండు లైన్ల చిన్నచ్చు మాత్రం కింద లేదు.

“నన్ను తిట్టొద్దమ్మా” అన్నాడు భాయ్, నేను నోరు తెరవకముందే. “సారే పెన్సిలుతో ఆ రెండు లైన్లూ కొట్టేసి ఇచ్చినాడు. కొట్టేసింది టైపు చేస్తే తప్పు, కొట్టెయ్యనిది వదిలేస్తే తప్పు. నాకు తెలిసింది ఆ రెండు రూల్సే.”

సారును అడిగితే, పేజీ నిండిపోయిందమ్మా, చోటు చాల్లేదు అన్నారు. ఆ పేజీ కింద మూడువేళ్ళ ఖాళీ ఉంది, కావాలంటే ఇప్పటికీ కొలిచి చూపిస్తాను. వ్యాసం చివర నాకు కృతజ్ఞతలు చెప్పారు, రాతప్రతి తయారీలో సాయం చేసినందుకు. ఆ సంగతి ఇప్పుడు వదిలేయండి. దాన్ని గురించి నేను అలిగానని అందరూ అనుకోవడమే నా అసలు కష్టం. అదెట్లాగో చెబుతాను.

ఆ ఏడు నేను బీఎస్సీ పిల్లలకు వారానికొకసారి లెక్కలు చేయించేదాన్ని. వ్యాసం వచ్చిన హుషారులో, రోల్ నంబరు పద్ధెనిమిది దాటినవాళ్ళంతా ఎవరి నంబరును వాళ్ళు అయిదు వర్గాలుగా చీల్చుకు రమ్మన్నాను. అందరూ తెచ్చారు. ఒక అబ్బాయి మాత్రం నిలబడి, “రాలేదు మేడమ్” అన్నాడు. కదిరి నుంచి వచ్చి చదువుకునేవాడు, గట్టి పిల్లవాడు. ప్రయత్నం చేసినావా అంటే, “ఆదివారమంతా చేసినా మేడమ్. అది చీలేదానికి ఒప్పుకోలా” అన్నాడు. అతని నంబరు ముప్పైమూడు. సరిగ్గా చేసి ఉండవని కసిరాను. ఆ సాయంత్రం ధర్మవరం బస్సులో కూర్చుని నేను వేసి చూశాను. ఇరవై అయిదు తీసుకుంటే ఎనిమిది మిగులుతుంది, అది నాలుగు వర్గాలుగా చీలదు. అది వద్దని పదహారు తీసుకుంటే పదిహేడు మిగులుతుంది, అదీ చీలదు. తొమ్మిదితోనూ, దాని కింది వర్గాలతోనూ కుదరదు. బత్తలపల్లి దాటేలోపే అయిపోయింది, అంత చిన్న లెక్క. ఆ రాత్రి మా నాయన దగ్గర ఉండి, మర్నాడు పొద్దున బస్సుకే తిరిగి వచ్చి సారు ఇంటికి పోయాను.

సారు కుంగిపోతారనుకున్నాను. ఆయన సుద్దముక్క తీసుకుని రెండు బండల మీద వేసి చూసి, లేచి నిలబడి, నవ్వడం మొదలుపెట్టారు. చిన్నపిల్లవాడికి బొంగరం దొరికినట్టు. “చూసినావా దీని పొగరు. పద్దెనిమిది దాకా అల్లరి చేసినోళ్ళంతా మానుకుంటే, ఇదొక్కటీ ముప్పై దాటినాక ఒంటిగా నిలబడి ఎదురు చెప్తాండాది.” అమ్మను పిలిచి ఆమెకూ చూపించారు. “ఆ పొద్దు నేను తుడవకపోయింటే మీకు అప్పుడే దొరికిండేది గదా” అంది ఆమె. “నీదేం తప్పు లేదులే, నీళ్ళొచ్చినాయి” అన్నారు సారు. నాతో, “ఎడిటరుకు రెండు ముక్కలు రాసి పారేస్తాలేమ్మా” అన్నారు.

రాయలేదు. ఆ నెల లేదు, ఆ ఏడు లేదు. నేను గుర్తు చేసినప్పుడల్లా ‘ఊ’ కొట్టారు. ఆయన ‘ఊ’కు విలువ తగ్గిపోయిందని నాకు అప్పటికి అర్థమైంది. చివరికి నేనే ఎడిటరుకు రాశాను. సవరణ రచయిత నుంచే రావాలని ఆయన జవాబు. ఆ సంగతి తెలిసి సారు, “నేను రాస్తానంటి గదా, నువ్వెందుకు ముందు దూకినావు?” అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇంతా చేసి, ఆయన దాన్ని దాచారా అంటే అదీ లేదు. ప్రతి ఏటా కొత్తగా వచ్చిన క్లాసులో మొదటి వారంలోనే ముప్పైమూడు కథ చెప్పేవారు. బోర్డు మీద వేసి, పిల్లలను వెతకనిచ్చి, వాళ్ళు ఓడిపోయాక, “నేనూ ఓడిపోయినాను, అచ్చులో ఓడిపోయినాను” అని నవ్వేవారు. ఆయన దగ్గర చదివినవాళ్ళలో ముప్పైమూడు తెలియనివాళ్ళు లేరు. ఆ వ్యాసం చదివినవాళ్ళకు మాత్రం తెలియదు. కొన్నేళ్ళ తర్వాత మద్రాసులో ఒక లైబ్రరీలో ఆ జర్మన్ వ్యాసం నా చేతికి వచ్చింది. నాకు జర్మన్ రాదు, అంకెలు వచ్చు గదా. ముప్పైమూడు అని అందులో శుభ్రంగా ఉంది. మడత విప్పి చూసినవాడికి మొదటి చూపులోనే కనపడేది. ఆ మధ్యే ఉత్తరాదిలో ఎవరో రాసిన ఒక వ్యాసం చూశాను. పద్ధెనిమిది దాటిన ప్రతి సంఖ్యా అని ఉంది, ఆధారం కింద మా సారు పేరు, పేజీ నంబరు. పాపం, అతనిదీ ఏ ఊరో, ఆ ఊళ్ళో బీరువాలెన్నో.

సారు పెద్ద ఉద్యోగానికి పోయారు, రిటైరయ్యారు, పోయారు. సంచిక వేస్తామని కమిటీ పెట్టినప్పుడు, దానికి పెద్ద ఆనాటి ఆ కదిరి పిల్లవాడే. ఇప్పుడు అతను ప్రిన్సిపాలు, జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. అచ్చుతప్పులు దిద్దమని ప్రూఫులు నాకే పంపించాడు. నేను నాలుగో పేజీలో ఎర్ర ఇంకుతో రెండు మాటలు కలిపి, ప్రూఫులు తీసుకుని స్వయంగా అతని ఆఫీసుకు పోయాను.

“ఏమప్పా, నీ రోల్ నంబరు మర్చిపోతివా?”

“యాడ మర్చిపోతాను మేడమ్. జూనియర్ల క్లాసుల్లో గూడా సారు నన్ను పిలిపించి నిలబెట్టేవాడు గదా, ఈడే ఆ ముప్పైమూడు అని.”

“మరి ఈడ రెండు మాటలు చేరిస్తే నీకేం కష్టం?”

అతను ప్రూఫు చూశాడు. ఎర్ర ఇంకు చూసి, ఎవరో దేవుడి పటానికి మీసాలు దిద్దినట్టు మొహం పెట్టాడు. “సారు రాసింది సారు రాసినట్టే ఉండల్ల మేడమ్. ఆయన లేనప్పుడు మనం చెయ్యి పెడితే బాగుండదు. అయినా మనకందరికీ తెల్సు గదా.”

“తెల్సినోళ్ళ కోసం అచ్చెందుకప్పా? తెలీనోళ్ళ కోసమే గదా పుస్తకాలు?”

“అట్లని సారు తప్పు రాసినాడని మనమే సంచికలో ఏసుకుంటామా?”

“ఆయన క్లాసులో తన నోటితోనే చెప్పుకున్నాడు గదా.”

“అది క్లాసు మేడమ్.” గొంతు తగ్గించి, మెల్లగా అన్నాడు. “మీరు తప్పుగా అనుకోవద్దు. పేపరు మీద మీ పేరు వెయ్యలేదని మీకు మనసులో ఉంటే చెప్పండి. ముందుమాటలో మీ పేరు పెద్దచ్చులో ఏయిస్తాను.”

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. ఒకప్పుడు ఆదివారమంతా కూర్చుని, నిజాయితీగా, రాలేదు మేడమ్ అని లేచి నిలబడిన పిల్లవాడు అతను. నా పేరు వద్దు, ఆ సంఖ్య వెయ్యి అన్నాను. చూస్తాం మేడమ్ అన్నాడు. మొన్న సభలో సంచిక తెరిస్తే ముందుమాటలో నా పేరు ఉంది, పెద్దచ్చులోనే ఉంది. నాలుగో పేజీ కింద మూడువేళ్ళ ఖాళీ కూడా ఉన్నదున్నట్టే ఉంది. వేదిక దిగి వస్తూ అతను నన్ను చూసి నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. అంతమందిలో ఇంకేం చేస్తాం.

ఏళ్ళు గడిస్తే మనుషులకు పెద్దరికం వస్తుందని తెలుసు. తప్పులకు కూడా వస్తుందని, వచ్చాక వాటికీ దండలు పడతాయని, ఈ వ్యాసం చూశాకే నాకు తెలిసింది. కమిటీని నేను అర్థం చేసుకోగలను, వాళ్ళకు భక్తి అడ్డం వచ్చింది. ఆ రెండు లైన్లు కొట్టేసిన రోజు సారుకు ఊరి పరువు అడ్డం వచ్చిందనుకుందాం, అదీ అర్థమవుతుంది. ఆ తర్వాతి సంగతే నాకు అంతుపట్టదు. ఏటేటా కొత్త పిల్లల ముందు నిలబడి, నవ్వుతూ, తన తప్పు తానే చెప్పుకుని, దాన్ని తుడిచేసి చేతులు దులుపుకోగలిగిన మనిషికి, అదే మాటను ఒక్కసారి కాగితం మీద పెట్టి సంతకం చేయడానికి అడ్డం వచ్చింది ఏమిటి?